దళారి ముందుపల్లు

మా బావ చెన్నకేశవన్ ఎవరినీ నమ్మడు. బస్సు కండక్టరు ఇచ్చిన చిల్లరను నమ్మడు, పంచాంగంలో రాసిన వానను నమ్మడు. సొంత బావమరిదినైన నా అంగట్లో మోకు కొన్నా సరే, మూరలేసి చూసుకోనిదే భుజాన వేసుకోడు. మా అక్క పాంచాలి వడ్డించిన కూర వైపు కూడా ఒక్క క్షణం పరీక్షగా చూసి గాని అన్నంలో కలపడు. ఇలాంటి మనిషి మాటను ఒక సంత సంతంతా ముప్పై ఐదేళ్ళు మారు మాట్లాడకుండా నమ్మిందంటే వినేవాళ్ళకు నవ్వొస్తుంది. నాకూ వచ్చేది.

మదురై వైపు ఆండిపట్టికి అవతల మా ఊరు. చుట్టూ అరవమే అయినా తరాలుగా ఇంట్లో మాది తెలుగే. వారానికోసారి పశువుల సంత జరుగుతుంది. ట్రాక్టర్లు వచ్చాక సంత సగానికి చిక్కిపోయింది గాని, బండి కట్టేవాళ్ళూ, చిన్న కమతాల వాళ్ళూ, జల్లికట్టు కోడెల కోసం తిరిగేవాళ్ళూ ఇంకా వస్తూనే ఉన్నారు. బావ అక్కడ దళారి. నేను సంత వాకిట్లో మోకులు, ముకుతాళ్ళు, మెడగంటలు అమ్ముకుంటాను. కాబట్టి ఈ కథలో నేను చూడనిది తక్కువ. చూసి కూడా తెలుసుకోనిది మాత్రం చాలా ఉంది. దానికి నా మీద నాకే కోపం.

ఎద్దు వయసు దాని నోట్లో ఉంటుంది. ముందువైపు దానికి కింది దవడకే పళ్ళు. పాలపళ్ళు ఊడి రెండేసి చొప్పున పెద్దపళ్ళు వస్తాయి. ఎనిమిదీ వచ్చేసరికి ఎద్దుకు ఐదేళ్ళు నిండుతాయి. ఆ తర్వాత కొత్తగా వచ్చేదేమీ ఉండదు, ఉన్నవి అరగడమే. ఆ అరుగుదల చూసి ఏడేళ్ళా, పదేళ్ళా అని తేల్చడమే దళారి విద్య. అమ్మేవాడు ఎప్పుడూ రెండు మూడేళ్ళు మింగేసే చెబుతాడు. బావ పెదవి ఎత్తి చూసి ఒక మాట అంటాడు. ఆ మాట వచ్చాక కొనేవాడు మళ్ళీ ఆ నోరు తెరిచి చూడకూడదు. అది మా సంత కట్టుబాటు. చూశాడంటే దళారిని చెంప మీద కొట్టినట్టే. బావ చెప్పాక చూసినవాడు అంతవరకూ లేడు.

మాకు అరవం నెలలే లెక్క. పోయిన ఏడు ఎండలు ముదిరే పంగుని నెలలో ఒక కోడె నోరు చూస్తుండగా అది తల విసిరింది. దాని మూతికీ బావ మొహానికీ మధ్య జానెడు దూరం కూడా లేదు. బావ పైవరస ముందుపల్లు ఏటవాలుగా సగం విరిగిపోయింది. అప్పటి నుంచి ఆయన మాట్లాడితే మధ్యమధ్య ఈల వచ్చేది. సంతలో నలుగురూ నవ్వుకున్నారు, ఆయన పట్టించుకోలేదు. పట్టించుకున్నది కూతురు బృంద.

బృంద ఆయనకు ఒక్కతే కూతురు. మదురైలో ఒక ఆఫీసులో ఉద్యోగం, నెలకోసారి ఇంటికి వస్తుంది. ఒక ఆదివారం ఫోనులో బొమ్మలు చూపించింది. ఒకదాంట్లో విరిగిన పల్లు, పక్కదాంట్లో అదే పల్లు నిండుగా ఉంది. బాండింగ్ అంటారట. పల్లు పీకేది లేదు, తొడుగు వేసేది లేదు. పంటి రంగు పేస్టు అంటించి, విరిగిన మేరకు దిద్ది, గట్టిపరుస్తారు. ఒక్క పూట పని అని చెప్పింది.

బావకు అక్కడే అనుమానం పుట్టింది. పల్లు విరిగింది తనకైతే తొందర దీనికెందుకు? మర్నాడు నా అంగడికి వచ్చి గొంతు తగ్గించి అడిగాడు. ఆఫీసులో నన్ను గురించి ఎవరైనా నవ్వారా? ఇంటికి ఎవరినైనా పిలుచుకొస్తుందా? డాక్టరు దగ్గర దీనికి కమీషను ఏమైనా ఉందా? కన్నకూతురికి కమీషను అంటగట్టిన తండ్రిని నేను ఈయన్నొక్కణ్ణే చూశాను. పిల్ల ప్రేమకొద్దీ అడుగుతోందేమో బావా అంటే, అలాంటి కారణం కూడా ఉంటుందా అన్నట్టు నా వైపు చూశాడు.

మొత్తానికి రెండు నెలలకు, వైకాసిలో, ముగ్గురం మదురై బస్సెక్కాం. నన్నెందుకు లాక్కెళ్ళాడంటే, లోపల ఏం జరిగినా ఒక సాక్షి ఉండాలట.

డాక్టరు పేరు జెనిఫర్. ముప్పై దాటి ఉంటాయి. బావను కుర్చీలో వెనక్కి వాల్చి, బొటనవేలితో పైపెదవి ఎత్తి చూసింది. బావ ఉలిక్కిపడ్డాడు. బతుకంతా ఆయన ఇంకో నోటికి చేసిన పని అది, ఆయన నోటికి ఎవరూ చేసి ఎరుగరు. నాకు నవ్వు ఆగలేదు. తర్వాత ఆమె ఒక పట్టీ తీసింది. దాని నిండా రకరకాల తెలుపుల్లో చిన్న చిన్న పళ్ళు గుచ్చి ఉన్నాయి. ఒక్కొక్కటే బావ పళ్ళ పక్కన పెట్టి రంగు సరిచూస్తోంది. అంతవరకూ ఆమె మాతో అరవంలోనే మాట్లాడింది. మన భాష ఆమెకేం తెలుస్తుందన్న ధైర్యంతో బావ బృంద వైపు తిరిగాడు.

"అవి ఎవరి పండ్లో అడుగు పాపా. చచ్చినోళ్ళవి పెరికి పెట్టుకోనుండాదేమో. ఈమె మొగం చూస్తే నాకు నమ్మకం రాలేదు."

డాక్టరు చేతిలో పట్టీ కదలలేదు.

"చచ్చినోళ్ళవి కాదు పెద్దాయనా, రంగు చూసేదానికి చేసినవి," అంది అచ్చంగా మన మాటలోనే.

బృంద తల దించుకుంది. బావకు ఒక్క క్షణం సంతోషమే కలిగింది, ఊరుగాని ఊళ్ళో ఇంటి మాట వినపడితే ఎవరికి కలగదు? మరుక్షణమే మళ్ళీ అనుమానం. ఏ ఊరు, ఎవరి మనుషులు? ఆ ప్రశ్న అడగనిదే మావాళ్ళకు మంచినీళ్ళు దిగవు. ఆయన పెదవి విప్పేలోగా ఆమెకు అర్థమైపోయింది. "మా తాత ఈ మదురై వీధులు ఊడ్చినాడు. ఇంట్లో మాకు ఇదే మాట. ఇప్పుడు నోరు తెరవండి," అంది. గొంతులో కోపం లేదు. బావ నోరు తెరిచాడు. నాకు సిగ్గేసి కిటికీ వైపు చూశాను.

ఆమె విరిగిన అంచును కాస్త గరుకు చేసింది. ఏదో జెల్ పూసి కడిగేసింది. మరేదో నీళ్ళలాంటిది రాసింది. తర్వాత పేస్టును కొంచెం కొంచెంగా పెడుతూ, సన్నటి పనిముట్టుతో పంటి ఆకారానికి దిద్దింది. దిద్దినప్పుడల్లా ఒక నీలం వెలుతురు చూపించింది, చూపించేసరికి అది గట్టిపడింది. చివర నున్నగా రుద్దింది. గంట కూడా పట్టలేదు. పేస్టులో ఎముక కలిపారా అని బావ రెండుసార్లు అడిగాడు. ఎముక కాదు, రెసిన్ అనే జిగురూ మెత్తటి గాజుపొడీ అని ఆమె రెండుసార్లూ చెప్పింది. చెరుకు ఈ పంటితో కొరకొద్దంది. వక్కాకు నమిలితే రంగు పడుతుందంది. ఎన్నేళ్ళయినా ఇలాగే ఉంటుందనుకోవద్దు, కొన్నేళ్ళకు అంచు పెచ్చు లేవొచ్చు, అప్పుడు మళ్ళీ వచ్చి దిద్దించుకోవాలని కూడా చెప్పింది.

తిరుగు బస్సులో బావ చాలాసేపు నాలుకతో పల్లు తడుముకుంటూ కూర్చున్నాడు. "తప్పులు దాచకుండా చెప్పి అమ్మింది," అన్నాడు చివరికి. ఆయన నోట ఇంతకన్నా పెద్ద మెప్పు నేను వినలేదు.

ఊరికి వచ్చిన సాయంత్రమే ఈ సంగతంతా కోదండరామన్‌కు చెప్పాడు. కోదండరామన్‌ది పక్క ఊరు, నల్లరేగడి సేద్యం. పాతికేళ్ళుగా ప్రతి జతా బావ చేతి మీదుగానే కొన్నాడు. ఈ భూమ్మీద బావ అనుమానించని మనిషి ఎవరైనా ఉంటే ఆయనొక్కడే. నా అంగడి బల్ల మీద కూర్చుని నీలం వెలుతురు గురించి బావ చెబుతుంటే కోదండరామన్ చెయ్యి గడ్డానికి ఆనించుకుని ఏమీ అడగకుండా విన్నాడు.

మొదటి రెండు వారాలూ సంతలో ఉత్త వేళాకోళమే నడిచింది. సంతలో బావను నాయకర్ అంటారు, ఆ నాయకర్ పెళ్ళికొడుకయ్యాడన్నారు. మూడో వారం ముని అనే రైతు ఒక జతకు వచ్చాడు. బావ ఎద్దు పెదవి ఎత్తి, చూసి, ఆరేళ్ళు అన్నాడు. ముని తల ఊపాడు. ఊపి, తిన్నగా ఎద్దు దగ్గరికి పోయి, తన చేత్తో తనే దాని నోరు తెరిచి, గోటితో పంటి మీద గీకి చూశాడు. మెడగంట ఒకటి చేతిలో పట్టుకుని నేను అలాగే నిలబడిపోయాను. బావ మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఆ తర్వాతి వారం ఇంకో ఇద్దరు చూశారు. నెల తిరిగేసరికి అందరూ చూస్తున్నారు. బావ చెప్పినదానికీ పంటికీ తేడా కనపడినవాళ్ళు, కావాలనే తగ్గించి చెప్పాడని తమలో తాము గొణుక్కున్నారట. అసలు మాట ఆ తర్వాత తెలిసింది. మదురైలో పళ్ళ పేస్టు వచ్చిందట, నీలం లైటు కొడితే రాయైపోతుందట, నాయకర్ తన పంటికి వేయించుకున్నప్పుడే ఒక డబ్బా వెంట తెచ్చుకున్నాడట. అరిగిన పళ్ళకు పూసి ముసలి ఎద్దులను వయసులోకి తెస్తున్నాడట. ముకుతాడు వేయబోతేనే తన్నే ఎద్దు నోరు తెరుచుకుని లైటు కింద గంటసేపు ఎలా నిలబడుతుందని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు. నీలం వెలుతురు అనేసరికి జనానికి మతి పోయింది. ఒకాయన జేబులో మేకు పెట్టుకుని వచ్చాడు, గీకి చూడ్డానికి.

బావకు అన్నం సయించడం మానేసింది. ఇది కుమరేశన్ పనే అన్నాడు. కుమరేశన్ ఇంకో దళారి, నలభై దాటిన మనిషి, బావ బేరాలు ఎప్పుడు తనకు వస్తాయా అని కాచుకుని ఉన్నవాడు. బావ నేరుగా పోయి అడిగితే, అంత తెలివి నాకుంటే ఆ డబ్బా నేనే తెచ్చుకునేవాణ్ణి కదా అని నవ్వాడు. బావ నమ్మలేదు. తర్వాత బృంద బస్సులో ఎవరితోనైనా వాగిందేమోనన్నాడు. ఆ తర్వాత నా వంతు వచ్చింది. నీలం వెలుతురు చూసిన సాక్షివి నువ్వే కదా అని మూడు వారాలు నాతో మాట్లాడలేదు. తాడు కూడా పక్క అంగట్లో కొన్నాడు. నాకు మండిపోయింది. అయినా మధ్యాహ్నం ఆయన ఒంటరిగా ఎద్దులు కట్టే కొయ్యల మధ్య నిలబడి ఉంటే చూడలేక మజ్జిగ పంపించేవాణ్ణి, తాగేవాడు కాదు.

ఆడి నెలలో ఉసిలంపట్టి వైపు నుంచి ఒకడు వచ్చాడు. వెంట రెండు ముసలి ఎద్దులు. బావను పక్కకు పిలిచి, చాలా మర్యాదగా, వీటి పళ్ళకు ఆ పేస్టు వేసి పెట్టండి, మీరు నమ్మకస్తులని విని ఇంత దూరం వచ్చాను అన్నాడు. బావ వాణ్ణి తిట్టలేదు, కొట్టలేదు. తిన్నగా నా అంగడికి వచ్చి మోకుల కుప్ప మీద కూలబడ్డాడు. మూడు వారాల తర్వాత నాతో ఆడిన మొదటి మాట అదే.

"నన్ను దొంగ అన్నోళ్ళ మీద కూడా ఇంత కోపం రాలేదప్పా. వీడు నన్ను నమ్మి వచ్చినాడే, దాన్ని ఓర్చుకోలేకున్నాను."

ఆ రోజే బృందకు ఫోను చేసి, పేస్టు తీయించేస్తానన్నాడు. తీయిస్తే తప్పు ఒప్పుకున్నట్టే అవుతుంది నాయనా అంది ఆ పిల్ల. ఆ మాట నిజమేనని బావకూ తోచింది. పల్లు ఉండిపోయింది. సంతలో మాత్రం నోరు మూసుకుని నవ్వడం నేర్చుకున్నాడు.

తర్వాతి నెల, ఆవణిలో, రెండో సంతకు కోదండరామన్ బండి జత కోసం వచ్చాడు. ఆయన వచ్చాడంటే బావ ప్రాణం లేచొచ్చింది. ఈయన చూడకుండా కొంటే సంత నోరు మూతపడుతుంది. అది బావకు తెలుసు, నాకు తెలుసు, చుట్టూ మూగినవాళ్ళందరికీ తెలుసు. కుమరేశన్ కూడా తన బేరం వదిలి వచ్చి నిలబడ్డాడు. కోదండరామన్ గనక నోరు తెరిచి చూశాడో, బావ ఇక సంతకు రావడం ఉండదు.

బావ ఎడమవైపు ఎద్దు దగ్గరికి పోయాడు. పెదవి ఎత్తి, మొహం దగ్గరగా పెట్టి చూశాడు.

"ఎనిమిదీ కలిసి ఏడాది. ఆరేళ్ళకు మించలేదు," అన్నాడు అందరికీ వినపడేలా, పక్కకు జరిగాడు.

బేరానికి కూర్చునే ముందు కొనేవాడు భుజం మీది తువ్వాలు తీస్తాడు, దాని కింద చేతులు పట్టుకుని వేళ్ళతో ధర చెప్పుకుంటారు. కోదండరామన్ తువ్వాలు తీయలేదు. నడిచి వెళ్ళి ఎద్దు నోరు తెరిచాడు. గుంపులో ఎవరో నాలుక చప్పరించారు. ఎవరి మీద పడి కొట్టాలో నాకు తెలియలేదు.

ఆయన గోటితో గీకలేదు. చాలాసేపు చూసి, బావ చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగి, ఆయన చూపుడువేలు ఎద్దు కింది దవడ చివరి పంటి మీద పెట్టాడు. బావ వేలు అక్కడే ఆగింది. పక్క పంటి మీదికి పోయింది, అక్కడి నుంచి ఆ పక్కదాని మీదికి. నేను తొంగి చూశాను. ఎనిమిది పళ్ళూ మొదళ్ళ దాకా అరిగి, మధ్యన సందులు పడి ఉన్నాయి. పదేళ్ళకు ఏమాత్రం తక్కువుండదు, తాళ్ళు అమ్ముకునే నాకే తెలిసింది. బావ వంగి మళ్ళీ చూశాడు. తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని ఇంకోసారి చూశాడు. ఆ తర్వాత చూడ్డం మానేసి, వేలితో మాత్రం తడుముతూ ఉండిపోయాడు.

కోదండరామన్ ఆయన్ను భుజం పట్టి నా అంగడి లోపలికి తీసుకొచ్చాడు. బల్ల మీద కూర్చోబెట్టాడు. నేను వాకిట్లో వేలాడే గోనెపట్టా దించాను.

"ముందేడు నువ్వు ఇప్పించిన జత గ్యాపకం ఉండాదా?" అన్నాడు. "ఏడేళ్ళు అంటివి. మొదటి దుక్కికే ఎడమది మోకాళ్ళ మీద పడె. నోరు తెరిచి చూస్తే లోపల ఏమీ లేదు. నువ్వు అబద్ధం చెప్పేవాడివి కాదు. అప్పుడే నాకు తెలిసిపోయె, నీ కన్ను పోతా ఉండాదని."

ఎందుకు చెప్పలేదని బావ అడిగాడు.

"చెప్తే ఏమి చేసేవాడివి? నీ మాట మీద కొన్నోళ్ళ పేర్లంతా గ్యాపకం పెట్టుకోని పోయి చూసినాను, ఇంకా రెండు జతలు అట్లనే ఉండె. నీ పల్లు మాట వచ్చినప్పుడు ఆ పేస్టు కథ నేనే కట్టి విడిచినాను. దళారి దొంగ అంటే జనం నోరు చూసి కొంటారు, తిట్టుకుంటా మళ్ళీ నీ దగ్గరికే వస్తారు. దళారికి కన్ను లేదంటే ఒక్కడు రాడు. వాళ్ళూ మోసపోకూడదు, నువ్వూ ఇంట్లో పడి ఉండకూడదు. నాకు వేరే దారి తెలవలేదు చెన్నకేశవా."

ఈయన ఊళ్ళో ఎవరిని అనుమానించలేదు? కూతుర్ని, నన్ను, కుమరేశన్‌ను, ఆ డాక్టరమ్మను, బస్సు కండక్టరును. ఈ ఒక్కణ్ణీ, తన కళ్ళనూ తప్ప. పక్కనే ఉండి నేనూ చూడలేదు. మొహం అంత దగ్గర పెట్టి చూడాల్సిన అవసరమేమిటని ఒక్కనాడు అడగలేదు. నాకు ఏడుపొచ్చింది.

బావ ఏడవలేదు. తల ఎత్తాడు.

"నీ ఎద్దు పడె, సరి. నా మాట మీద కొన్నోళ్ళవి ఇంకా ఎన్ని పడెనో," అన్నాడు. లేచాడు. కోదండరామన్ చెయ్యి పట్టుకుని ఆపబోయాడు. బయటికి పోయి చెప్తే నీ దళారితనం ఈ పూటతో సరి అన్నాడు. తెలుసునని బావ తల ఊపి, గోనెపట్టా పక్కకు నెట్టి బయటికి నడిచాడు.

గుంపు ఇంకా అక్కడే ఉంది. బావ నేరుగా కుమరేశన్ ముందుకు పోయి నిలబడ్డాడు.

"కుమరేశా, ఆ జత నోరు చూసి వయసు చెప్పప్పా. నాకు కన్ను తెలవలేదు."

కుమరేశన్ ఇన్నేళ్ళు కాచుకున్న రోజు అదే. ఊరంతా వినపడేలా అరుస్తాడనుకున్నాను. అతను మెల్లిగా పోయి పెదవి ఎత్తి చూసి, వచ్చి బావ చెవి దగ్గర ఏదో అన్నాడు. అందరికీ చెప్పు అన్నాడు బావ. పదేళ్ళు దాటింది అని కుమరేశన్ నేల వైపు చూస్తూ చెప్పాడు.

బావ గుంపు వైపు తిరిగాడు. పేస్టూ లేదు, లైటూ లేదు, రెండేళ్ళుగా నాకు సరిగా కనపడడం లేదు, మొన్నమొన్నటి దాకా మీరెవరూ ఎద్దు నోరు చూడకపోవడంతో నాకూ తెలియలేదు అన్నాడు. ఈ రెండేళ్ళలో తన మాట మీద కొన్నవాళ్ళు ఇంటికి పోయి ఎద్దుల నోళ్ళు చూసుకోవాలని, తేడా ఉంటే తన వాకిట్లోకి వచ్చి అడగాలని, ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టాడు. ముని పేరు చెప్పాడు. మణిమారన్ పేరు చెప్పాడు. మూడో పేరు దగ్గర ఆగి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. మిగతా పేర్లు కోదండరామన్ వచ్చి పక్కన నిలబడి చెప్పాడు.